కొబ్బరిచిప్ప గడియ

మణిశిఖర రాజ్యానికి తూర్పున ఏడామడల దూరంలో ఉప్పుసీమ ఉంది. అక్కడ కాకి ఎగిరితే దాని నీడ కూడా తెల్లగానే పడుతుంది. గాలి మళ్లితే బాటసారుల మీసాల మీద ఉప్పు పేలాల్లా పేరుకుంటుంది. పొద్దున ఇరవయ్యేళ్ల కుర్రాడిగా బయలుదేరి, సాయంత్రానికి అరవయ్యేళ్ల ముసలాడిలా అత్తవారింట దిగి, మామగారిచేత దండం పెట్టించుకున్న అల్లుళ్లు ఆ చుట్టుపక్కల కోకొల్లలు. నమ్మనివారు వెళ్లి తమ మీసం పెట్టి చూసుకోవచ్చు. ఆ సీమ నడుమ ఒక కోట. దాని బురుజులు ఉప్పు, తలుపులు ఉప్పు, తలుపుల మీద చెక్కిన సింహాలు ఉప్పు. ఎండ పడితే కోట మొత్తం వజ్రాల గనిలా ధగధగలాడి, చూసినవాడి కంట నీరు తెప్పిస్తుంది. ఆ నీరు కూడా అక్కడ ఊరికే పోదు.

పందెం కట్టిన నలభై ఒకటో రోజు పొద్దున ఆ కోటకు కూతవేటు దూరంలో ముగ్గురు నిలబడ్డారు. మొదటివాడు నాంచారయ్య. రాజధానిలో గడియారపు మేడ మీద కూర్చుని, తొట్టిలో తేలే గిన్నె మునిగినప్పుడల్లా జేగంట కొట్టే వంశంలో మూడోతరంవాడు. గిన్నె అడుగున చిల్లుంటుంది. నీళ్లు మెల్లగా ఎక్కి, అది మునిగితే ఒక గడియ గడిచినట్టు. రెండోది ఎనిమిదేళ్ల రాజకుమారి విద్యుల్లత. మూడోది గాడిద, పేరు దివాన్‌జీ. దారిలో ఎవరూ గుర్తుపట్టకుండా నాంచారయ్యది ఉప్పు బేరగాడి వేషం, రాజకుమారిది అతని మనవరాలి వేషం. వేషం లేకుండా వచ్చింది దివాన్‌జీ ఒక్కడే. ఆ సీమలో మంచినీళ్లు పుట్టవు. బేరగాళ్లు నీళ్లిచ్చి ఉప్పు తెచ్చుకుంటారు. అందుకే దివాన్‌జీ వీపున రెండు తోలుతిత్తుల నిండా మణిశిఖరపు బావినీళ్లు ఉన్నాయి.

ఆ కోట దొర వక్రాక్షుడనే మాంత్రికుడు. పిల్లల చెదిరిన చూపులే వాడి తిండి. ఏ పిల్ల పలక మీంచి తల తిప్పి తొండను చూసినా, ఆ చూపు పిట్టయి ఎగిరి వాడి పంజరంలో వాలేది. మామూలు పిల్లలు రోజుకో ఇరవై పిట్టలిచ్చేవారు. విద్యుల్లత ఒక్కతే పూటకు వెయ్యి ఇచ్చేది. నోట్లో ముద్ద నమలడం మరిచి ఉడత వెంట, ఉడతను మరిచి గాలిపటం వెంట, గాలిపటాన్ని మరిచి తాను ఎందుకు లేచిందో ఆలోచించడం వెంట పరుగెత్తే పిల్ల అది. ఆమె పిట్టలు లక్ష నిండిన రోజున వక్రాక్షుడు అద్దాలమ్మేవాడిలా అంతఃపురంలో అడుగుపెట్టాడు. బిడ్డ చూపుకు తల్లే పూచీ అట, వాడి ధర్మశాస్త్రంలో. హేమవల్లీ మహారాణిని పాదాల నుంచి ఉప్పుగా మారుస్తూ ఎత్తుకుపోయాడు.

వాడు గుమ్మం దాటేలోగా మహారాజు కాళ్ల మీద పడితే, నవ్వి పందెం కట్టాడు. నలభై ఒకటో రోజు మిట్టమధ్యాహ్నం పిల్ల తన కోటకు రావాలి. గడియ చిప్ప తేలింది మొదలు మునిగేదాకా చూపు తిప్పకుండా చూడాలి. రెప్ప వేయవచ్చు, చూపు కదపరాదు. తేలాక చిప్పను ఎవరూ ముట్టరాదు. పొద్దుగుంకేలోగా ఆ పని జరిగితే రాణి ఇంటికి వస్తుంది. జరగకపోతే తల్లి నిలువెల్లా ఉప్పు, పిల్ల కళ్లు వాడివి.

"చిప్ప మీరు తెచ్చుకోండి. నీళ్లు నావి" అన్నాడు చివర్లో.

రాజు నాంచారయ్యకేసి చూశాడు. గడియల సంగతి తెలిసినవాడు అతనేగదా. నాంచారయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నీళ్లెక్కడైనా నీళ్లే, దొరా. ఒప్పుకోండి" అన్నాడు.

అప్పటికే రాజగురువులు పన్నెండుగురు ఆ పిల్ల విషయంలో చేతులెత్తేశారు. ఒకరు సరస్వతీ ఆకు నూరి పోశారు. ఒకరు జడను గుంజకు కట్టి చదివించారు. ఒకాయన బెత్తం విరిగేదాకా నేర్పాడు. అది విరిగిన చప్పుడుకు పిల్ల తల తిప్పితే, తల తిప్పినందుకు ఇంకో బెత్తం తెప్పించాడు. ఇక దిక్కులేక రాజు గడియారపు మేడ ఎక్కి, రోజంతా గిన్నెను చూస్తూ కూర్చునే నీ పిచ్చేదో నా కూతురికీ అంటించమని నాంచారయ్యను అడిగాడు.

నాంచారయ్య మొదట పిల్లను కూర్చోబెట్టనేలేదు. మేడ మెట్లు ఇరవైసార్లు ఎక్కించి దింపాడు. కాళ్ల దురద తీరాక, చిటికెనవేలు పట్టేంత చిల్లున్న కొబ్బరిచిప్పను తొట్టిలో వదిలాడు. పది లెక్కపెట్టేలోగా మునిగిపోయే చిప్ప అది. ఆ పదిలోనే ఆమె చూపు బల్లి మీదికి, బల్లి మీంచి అతని చెవిపోగు మీదికి పోయింది. అతను కోప్పడలేదు. చిప్ప ఎత్తి నీళ్లు ఒంపి, "మళ్లీ తేలుద్దాం, చిట్టిదొరసానీ" అన్నాడు. ఆ మాట ఆ రోజు నూటపద్నాలుగుసార్లు అన్నాడు. నూటపదిహేనోసారి ఆమె చిప్ప మునగడం కళ్లారా చూసింది. అతను జేగంట కొట్టి, ఇవాళ్టికి చాలు, పోయి ఆడుకోమన్నాడు.

రోజుకు ఒక్కటే చిప్ప. రోజురోజుకూ చిల్లు సన్నం. శనగగింజంతది జొన్నగింజంత అయింది, జొన్నగింజ ఆవగింజ అయింది. చేతులు ఊరుకోవు గనుక ముడులేసిన తాడొకటి ఇచ్చాడు. వేళ్లు ముడులు తడుముతుంటే కళ్లు నిలిచేవి. మేడ కిటికీకి గోనెపట్టా కట్టాడు. చిప్ప మునిగితే గంట, గంట మోగితే ఆట. ముప్పై తొమ్మిదో రోజున సూదిమొనంత చిల్లున్న చిప్ప ఒక నిండు గడియ తేలి మునిగింది. ఆ గడియంతా ఆమె చూసింది. నాంచారయ్యకు కళ్లు నిండిపోయి, మూడు తరాల్లో మొదటిసారి గంట కొట్టడం మరిచాడు. పిల్ల మాత్రం తల తిప్పలేదు. చిప్ప అడుగున కూర్చున్న తొట్టినే చూస్తూ, "తాతా, గంట కొట్టలేదు నువ్వు" అంది.

అదే రోజు ప్రయాణం. మంత్రి రాజముద్ర ఉన్న రాగి గడియగిన్నెను పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. నాంచారయ్య వద్దన్నాడు. రాగి మెరుస్తుంది, పిల్ల కన్ను మెరుపు వెంట పోతుంది, తన చిప్ప నల్లగా ముసలెలుకలా ఉంటుంది కనుక దాని మీద చూపు కుదురుగా కూర్చుంటుంది అన్నాడు. ఆ తర్కానికి మంత్రి కూడా తల ఊపాడు. ఇలాంటి తెలివితేటలు మనిషికి జన్మలో రెండుసార్లే వస్తాయి. ఒకటి పెళ్లిచూపులనాడు.

ఇప్పుడు వారి ముందు కోటదాకా పరుచుకున్నది ఉప్పు పెంకు. పైకి వెండిపళ్లెంలా ఉంటుంది. కింద ఏనుగును కూడా మింగి త్రేన్చని ఊబి. ఎక్కడ గట్టిదో గాడిదలకే తెలుసు. అందుకని దివాన్‌జీ ముందు, పగ్గం పట్టుకుని నాంచారయ్య పక్కన, గిట్ట ముద్ర పడ్డచోటే పాదం పెడుతూ పిల్ల వెనక. సగం దూరం వెళ్లేసరికి, వేలాది ఉప్పుకొంగలు ఒక్కసారిగా లేచాయి. రెక్కల కింద గులాబి, రెక్కల మీద బంగారం, ఆకాశానికి ఎవరో పట్టుచీర కట్టినట్టయింది. విద్యుల్లత గిట్ట ముద్రల మీంచి చూపెత్తలేదు. ఎత్తింది నాంచారయ్య. నోరు తెరుచుకుని చూస్తూ పగ్గాన్ని ఒక్క మూర పక్కకు లాగాడు.

దివాన్‌జీ అరవలేదు. తన యజమానిని ఒక్కసారి చూసింది, అంతే. పెంకు పటుక్కుమంది. ముందు కాళ్లు, తర్వాత పొట్ట, తర్వాత రెండు తిత్తుల నీళ్లు, చివరికి రెండు చెవులు. చెవులు మునిగినచోట ఒక బుడగ లేచి పగిలింది. నాంచారయ్య పగ్గం వదిలి బోర్లా పడి, పిల్లను ఒడిసి పట్టుకుని పాకాడు. వెనక్కి పోవడానికి దారి చూపేవారు లేరు. మిగిలినవి వీపున జేగంట, మొలలో చిప్ప, భుజాన సొరబుర్రలో దోసెడు తాగేనీళ్లు. మిగిలిన దారి పిల్లే చూపింది. పెంకు ఎక్కడ నీలంగా, మెత్తగా ఉందో, ఎక్కడ తెల్లగా, గట్టిగా ఉందో ఒక్కో అడుగూ చూసి చెప్పింది. ముసలాయన ఆమె అడుగుల్లో అడుగు వేశాడు. దివాన్‌జీ పోయిందని పిల్ల ఏడవలేదు. ఏడిస్తే చూపు మసకబారుతుందని అంది. ఎనిమిదేళ్ల పిల్ల నోట ఆ మాట విని, తాను నేర్పింది చదువా శిక్షా అని నాంచారయ్యకు మొదటిసారి దిగులేసింది.

కోట గుమ్మం దాటగానే అంగడి. అమ్మేవారు లేరు, కొనేవారు లేరు, అంగడి మాత్రం తనంతట తానే కిటకిటలాడుతోంది. చక్కెర నెమళ్లు పురివిప్పి ఆడుతున్నాయి. కొయ్యగుర్రాలు కుస్తీ పడుతున్నాయి. ఒక బొమ్మ రాజు తన తల తానే తీసి కింద కొట్టి, పట్టుకుని, మళ్లీ పెట్టుకుంటున్నాడు. బయట ఎన్ని చూపులు జారినా పందెం లెక్కలోకి రావు. ఇక్కడ మాత్రం ఒక్క చూపు జారితే ఒక్క పిట్ట, ఒక్క పిట్టకు రాణి ఒంటి మీద ఉప్పు ఒక జానెడు పైకెక్కుతుంది. నాంచారయ్య పంచెచెంగు పిల్ల చేతికిచ్చి, తన చొక్కా వీపున ఉన్న మాసిక చూస్తూ నడవమన్నాడు. బూడిదగుమ్మడికాయ ఆకారంలో ఉన్న ఆ మాసికను చూస్తూ ఆమె నెమళ్లను దాటింది, గుర్రాలను దాటింది, తల విసిరే రాజును దాటింది. అంగడి చివరి పందిరి కింద చిలుక ఒకటి, అచ్చం హేమవల్లీదేవి గొంతుతో, నెమ్మదిగా అంది.

"తల్లీ, జడ ఊడిపోయిందే. ఇటు రా."

చూపు కదిలింది. ఒక్క రెప్పపాటు. పసుపురంగు పిట్ట ఒకటి ఆమె కంటిముందు నుంచి లేచి కోటలోపలికి ఎగిరిపోయింది. విద్యుల్లత మళ్లీ మాసిక మీదికి కళ్లు తెచ్చుకుని, పంచెచెంగు రెండు చేతులా పట్టుకుని నడిచింది. వీపు వెనక ఆమె ఊపిరి ఎగబీల్చడం విన్న నాంచారయ్య వెనక్కి తిరగలేదు. కోప్పడలేదు. "మళ్లీ తేలుద్దాం" అని మాత్రం, తనకే వినపడనంత మెల్లగా అన్నాడు.

లోపలి ముంగిట ఉప్పుపలకలతో కట్టిన కుండం. దాని చుట్టూ ఇరవై రెండు పీఠాలు, ఇరవై ఒకటి ఖాళీ. ఖాళీ పీఠాల మీద ఆడవారి పాదాల గుర్తులు మాత్రం ఉన్నాయి. ఇరవై రెండోదాని మీద హేమవల్లీ మహారాణి. అప్పటిదాకా గుండెల దగ్గర ఆగిన ఉప్పు ఆ పసుపు పిట్ట పుణ్యమా అని గొంతు కింది దాకా వచ్చింది. ఆమె కూతుర్ని చూసి నోరు తెరవబోయి, పెదవి పళ్లతో కరిచిపట్టుకుంది. తాను పిలిస్తే బిడ్డ చూస్తుంది, చూస్తే అయిపోతుంది. పిలవకుండా ఉండడమొక్కటే ఆ తల్లి చేయగలిగిన సాయం.

ఒక కన్ను ఈశాన్యానికీ, ఒక కన్ను నైరృతికీ తిరిగిన వక్రాక్షుడు పంజరం పక్కనుంచి లేచి వచ్చాడు. వాడి మర్యాద చూస్తే కొత్త వియ్యంకులకు ఎదురొచ్చినట్టుంది.

"రండి, బేరగాడు మామా. వేషం బాగా కుదిరింది. గాడిదే ఒకటి తక్కువైంది."

నాంచారయ్య నీళ్లను చూశాడు. అలా చూడడం అతని వృత్తి. నలకలేదు, నాచులేదు, అల లేదు. నూనెలా నిండుగా, అద్దంలా నిశ్చలంగా ఉంది కుండం. ఇంత నిలకడైన నీళ్లు తన మేడ మీద కూడా లేవనుకుని సంతోషించాడు. పిల్లను గట్టు మీద కూర్చోబెట్టి, తాడు చేతికిచ్చి, సొరబుర్రలోంచి ఒక గుక్క తాగించి, చిప్పను నీళ్ల మీద వదిలాడు. పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంది. సాయంత్రానికి పదిహేను గడియలు. కావలసింది ఒక్క గడియ.

చిప్ప తేలింది. విద్యుల్లత చూపు దాని మీద ఈగలా వాలి, అక్కడే ఉండిపోయింది.

వక్రాక్షుడు ఊరుకుంటాడా. చప్పట్లు కొడితే పొట్టేళ్లు వచ్చి ఢీకొన్నాయి. చిటికేస్తే వానలేకుండా హరివిల్లు కుండం మీదికి వంగింది. ఆఖరికి పంజరం తలుపు తీశాడు. ఆమెవే, లక్షకు మించిన పిట్టలు, చెదిరిన ప్రతి చూపూ రంగురంగుల రెక్కలతో ఆమె చుట్టూ సుడి తిరిగింది. ఉడతను చూసిన చూపు, గాలిపటాన్ని చూసిన చూపు, అమ్మ తల దువ్వుతుంటే అద్దంలో అమ్మను చూసిన చూపు. రెక్కలు చెంపలకు తగిలాయి, జడలో చిక్కుకున్నాయి. ఆమె వేళ్లు తాడు మీద ఒక్కో ముడీ దాటుతున్నాయి. కళ్లు చిప్ప మీదే ఉన్నాయి. పిట్టలు అలిసిపోయి ఒక్కొక్కటే గోడ మీద వాలాయి. నాంచారయ్య జేగంట ఎడమచేత, దాన్ని కొట్టే కొడుపు కుడిచేత పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. అతని ఒంట్లోనే ఒక గడియారం ఉంది, యాభైయేళ్లుగా తప్పలేదది. గడియ నిండడానికి ఇరవై ఊపిర్లు. పది. రెండు.

చిప్ప అంచుదాకా నిండింది. నిండి, అంచు నీటిమట్టానికి సరిగ్గా వచ్చి, ఆగింది.

మునగలేదు.

ఇంకో పది ఊపిర్లు గడిచాయి. చిప్ప లోపలా నీళ్లే, బయటా నీళ్లే, నడుమ సన్నటి నల్లటి వలయం. చిల్లు మూసుకుపోయిందా అనుకుంటే, నిండిన చిప్పకు చిల్లుతో పనేముంది. రెండో గడియ మొదలైంది. నాంచారయ్య వంగి, కుండం గట్టున చిందిన ఒక్క చుక్కను వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. నాలుక కాలినట్టయింది. అప్పుడు గుర్తుకొచ్చింది. ఏటేటా గడియారపు మేడ నీడలో దిగే ఉప్పుమళ్లవాళ్లు చెప్పే మాట. మడిలో నీళ్లు చిక్కబడ్డాయో లేదో చూడాలంటే కోడిగుడ్డు వేస్తారట. చిక్కబడితే గుడ్డు మునగదు. బరువైన రాయి కూడా బద్ధకించి మునుగుతుందట. కొబ్బరిచిప్ప సంగతి చెప్పేదేముంది. రాగిదైతే ఈపాటికి అడుగున ఉండేది.

అతను తలెత్తి ఖాళీ పీఠాలను చూశాడు. ఇరవై ఒక్క జతల పాదాల గుర్తులు. నిలువెల్లా ఉప్పయిన అంతమంది తల్లులు ఎక్కడ కరిగారో, ఈ నీళ్లు ఇంత చిక్కగా ఎందుకున్నాయో, అడగకుండానే తెలిసింది. 

వక్రాక్షుడు పక్కకొచ్చి నిలబడి, పెళ్లిపందిట్లో పెద్దమనిషిలా గొంతు తగ్గించాడు.

"నీళ్లెక్కడైనా నీళ్లేనన్నావుగదా, మామా. నువ్వు నేర్పకపోతే పిల్ల మొదటి పొట్టేలు దగ్గరే తిరిగేది. ఒక్క క్షణంలో అయిపోయేది పాపం. ఇప్పుడు చూడు, పొద్దుగుంకేదాకా చూస్తుంది. ఎంత బాగా నేర్పావు."

నాంచారయ్య కొడుపును గంట దగ్గరికి తెచ్చి ఆపాడు. వాడు ఆ చేతికేసి ఒక కన్ను తిప్పాడు.

"కొట్టరాదూ. గంట వింటే లేస్తుంది. కళ్లకు విశ్రాంతి."

గంట కొడితే పిల్ల తల తిప్పుతుంది. తల తిప్పితే తల్లి పోతుంది, ఆ కళ్లు పోతాయి. కొట్టకపోతే ఆమె అలాగే చూస్తుంది, పొద్దు కుంకుతుంది, అప్పుడూ అంతే. మునగని చిప్పకు గంట కొట్టడం అతని తాత చేయలేదు, తండ్రి చేయలేదు. సొరబుర్రను ఊపి చూశాడు. అడుగున పిడికెడు మంచినీళ్లు గలగలమన్నాయి. పలచన చేయాల్సింది కుండం నిండా ఉప్పునీరు. ఆ లెక్కకు నవ్వొచ్చి ఉండేది, ఇంకెక్కడైనా అయితే. పీఠం మీద మహారాణి కళ్లు అతని ముఖాన్ని చదివేశాయి. ఆమె కరిచిన పెదవిని ఇంకా వదల్లేదు.

పొద్దు నడినెత్తి నుంచి మూడు బారలు వాలింది. ఎండ కుండం మీంచి లేచి పిల్ల కళ్లలో పడుతోంది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి, ఉబ్బాయి. వేళ్లు తాడు మీద మొదటి ముడి నుంచి మళ్లీ బయలుదేరాయి, ఎన్నోసారో.

"తాతా" అంది, చిప్ప మీంచి చూపు తీయకుండానే. "చిప్ప నిండిపోయింది. ఇంకాసేపట్లో మునుగుతుంది. నువ్వు గంట కొట్టేదాకా చూస్తూనే ఉంటాలే. నువ్వేం భయపడకు."

నాంచారయ్య అలాగే తల్లీ అన్నాడు. కొడుపు దించలేదు, ఎత్తలేదు.

ఆమె కంటి కొనన ఎంతోసేపటి నుంచి ఊరుతున్న బొట్టొకటి చెంప మీదికి జారి, గడ్డం దగ్గర ఆగి, కుండంలో రాలింది. చప్పుడు కాలేదు. అదీ ఉప్పే.